నాలుగో ఛాంబర్ ఎవరిది?

గొంతు అర్ఫాదే. అందులో నాకు ఆవగింజంత అనుమానం లేదు. నా తలనొప్పంతా అక్కడే ఉంది.

వీరబాబు ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి ఆ రికార్డింగు మళ్లీ వేశాడు. మంగళవారం మధ్యాహ్నం యలమందయ్యగారికి వచ్చిన ఫోన్ కాల్ అది. మిర్చి యార్డులో వ్యాపారం చేసేవాళ్ల ఫోన్లలో ప్రతి కాలూ దానంతటదే రికార్డవుతుంది. పొద్దున ఒప్పుకున్న రేటుని సాయంత్రానికి “నేనెప్పుడన్నాను?” అనేసే మనుషులతో పని కాబట్టి, అక్కడ అందరికీ అదొక అలవాటు.

“సార్, నేను అర్ఫాని. నా ఫోన్లో ఛార్జింగ్ అయిపోయింది, ఫ్రెండ్ ఫోన్ నుంచి చేస్తున్నాను. ఇప్పుడు మీ మొబైల్‌కి ఒక రిక్వెస్ట్ వస్తుంది. దాన్ని ఓకే చేయండి సార్. మనకి ఇంకో ఎనిమిది జీపీయూలు కావాలి. అవి వస్తేగానీ ట్రైనింగ్ పూర్తికాదు. శ్రీరమ్య మేడమ్‌కి నేను చెప్పాను.”

తర్వాత యలమందయ్యగారి దగ్గు, ఆ వెనకాల ఆయన గొంతు. “ఉండమ్మాయ్, ఈ ఘాటు చంపుతోంది. ఆఁ, వచ్చింది. పచ్చరంగుది నొక్కాలా?”

“అదే సార్. థాంక్యూ సార్.”

ఆయన ఇంకోసారి దగ్గాడు. కాల్ అయిపోయింది.

“ఇంకేం కావాలి మేడమ్?” అన్నాడు వీరబాబు తెల్ల మాస్కు లోపల్నుంచి.

“ఏంటి?” అన్నాను.

“ఇంకేం కావాలి అంటున్నాను! గొంతు ఉంది, టైము ఉంది, ఉద్దేశం ఉంది.”

ఈ వీరబాబుని శ్రీరమ్య హైదరాబాదు నుంచి పిలిపించింది. సైబర్ నిపుణుడట. ఇచ్చిన కార్డు మీద ‘వీర్’ అని మాత్రమే ఉంది, మిగతా బాబు ఎక్కడ పోయాడో తెలీదు. గుంటూరు పొలిమేరలో ఉన్న ఈ కోల్డ్ స్టోరేజీలో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ ముక్కుకున్న మాస్కు తియ్యలేదు. నేను ముక్కుకి తడిగుడ్డ అడ్డంపెట్టుకుని కూర్చున్నాను. కింద లారీలకి మిర్చి టిక్కీలు, అంటే గోనె బస్తాలు, ఎత్తుతున్నారు, ఒక్కో టిక్కీ భుజం మీద పడ్డప్పుడల్లా ఆ ఘాటు మెట్లెక్కి మా గదిలోకి వస్తోంది.

నా పేరు కోటిరత్నం. ఇరవై ఏళ్లు పోలీసు ఉద్యోగం చేసి, పై అధికారులతో పడక వదిలేసి, సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టాను. తప్పిపోయిన మనుషుల్ని వెతికాను, తప్పించుకు తిరిగే అల్లుళ్లని చెవి పట్టుకుని తెచ్చాను. కంటికి కనపడని యంత్రాన్ని ఎవరు వాడుకున్నారో వెతకడం మాత్రం ఇదే మొదలు. నిజం చెప్పొద్దూ, పొద్దున్నించీ నాకు తల తిరిగిపోతోంది.

గదిలో ఇంకో ఇద్దరున్నారు. కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది శ్రీరమ్య. ఈ స్టోరేజీ సొంతదారైన యలమందయ్యగారి కూతురు, పైగదిలో నడిచే ఈ చిన్న కంపెనీకి యజమాని. మిరపకాయల ఫొటో తీస్తే అది ఏ రకం, అందులో రంగు చెడిన తాలు కాయ ఎంత, తేమ ఎంత అని చెప్పే యంత్రబుద్ధి ఒకటి తయారుచేస్తున్నారు. తలుపు పక్క కుర్చీలో తల వంచుకుని కూర్చున్నది అర్ఫా. చీరాల పిల్ల. కంపెనీలో ఆ పని తెలిసినది ఆమె ఒక్కతే, ఇప్పుడు ముద్దాయి కూడా ఆమె ఒక్కతే. శ్రీరమ్య బల్ల మీద ఫిర్యాదు కాగితం సిద్ధంగా ఉంది. భోజనాల వేళ దాటగానే అది పోలీస్ స్టేషన్‌కి వెళుతుంది. ఆ కాగితం గడప దాటితే ఈ పిల్లకి ఇక ఈ జిల్లాలోనే కాదు, ఎక్కడా ఉద్యోగం దొరకదు. అందుకే తెల్లారగానే వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుంది.

“అమ్మాయ్, ఇంకోసారి చెప్పు. నాకు అర్థమయ్యేట్టు చెప్పు,” అన్నాను అర్ఫాతో.

“మా పనికి జీపీయూ అనే పెద్ద యంత్రం కావాలి మేడమ్.” దగ్గింది. “అది కొనలేం. ఎక్కడో దేశం అవతల ఉంటుంది, ఇంటర్నెట్లో అద్దెకి తీసుకోవాలి. ఆ క్లౌడ్ కంపెనీవాళ్లు మాలాంటి చిన్నవాళ్లకి క్రెడిట్లు ఇస్తారు.” మళ్లీ దగ్గింది. “అంటే అద్దె వాళ్లే మాఫీ చేస్తారు.”

“మంచిదే కదా?”

“క్రెడిట్లు ఇచ్చారు గానీ జీపీయూ ఇవ్వలేదు మేడమ్. మామూలు యంత్రాలే ఇచ్చారు. జీపీయూ కావాలంటే మళ్లీ విడిగా అప్లికేషన్ పెట్టుకోవాలి. పెట్టినప్పుడల్లా కుదరదన్నారు. బ్యాంకు కార్డు జతచేసిన సొంతదారు ఒకరు ఉండాలన్నారు.”

పెళ్లికి పిలిచి, ఆకు వేసి, తీరా బిర్యానీ దగ్గరకొచ్చేసరికి “మీ ఇంటి పెద్దమనిషి వచ్చి చెబితే వడ్డిస్తాం” అన్నట్టుంది వ్యవహారం.

“ఆ పెద్దమనిషి యలమందయ్యగారు. అంతేనా?”

“ఆయన కార్డు, ఆయన పేరు పెట్టాం. అప్పుడు ఒక్క జీపీయూ ఇచ్చారు. ఇంకా కావాలన్నా, ఇంకెవరికైనా తాళం, అంటే అకౌంటులోకి దారి, ఇవ్వాలన్నా సార్ ఫోన్లోనే ఓకే చెయ్యాలి.” దగ్గు ఆగక నీళ్లు తాగింది. “ఆ ఎనిమిదీ నేను అడగలేదు మేడమ్. సార్‌కి నేను ఫోన్ చెయ్యలేదు. మా అమ్మ మీద ఒట్టు.”

నేను ఆ పిల్ల కళ్లలోకి చూశాను. అబద్ధం లేదు. పొద్దున యలమందయ్యగారు “ఈ పిల్లే ఫోన్ చేసిందమ్మాయ్, నేనెందుకు అబద్ధమాడతాను” అన్నప్పుడు ఆయన కళ్లలోకీ చూశాను. అక్కడా అబద్ధం లేదు. ఇద్దరూ నిజమే చెబితే మరి ఆ ఫోన్ చేసిందెవరు? ఇరవై ఏళ్లలో ఇంత అయోమయం నేనెరగను.

“క్రెడిట్లన్నీ హారతి కర్పూరమైపోయాయి, ఇప్పుడు నాన్న కార్డు మీద పడుతోంది. పని మాత్రం సగం కూడా కాలేదు,” అంది శ్రీరమ్య. గొంతులో కోపం కంటే ఏడుపే ఎక్కువుంది. “అర్ఫాని నేను చెల్లెల్లా చూసుకున్నాను కోటిరత్నంగారూ. వచ్చే వారం యార్డువాళ్లకి చూపించాలి. ఏం చూపించను?”

వీరబాబు గొంతు సవరించుకున్నాడు. “మేడమ్‌గారికి అర్థమయ్యేలా చెబుతాను. ఇదిగో, అకౌంటులో ఉన్న యంత్రాలు.” తెర మీద వేలు పెట్టాడు. “మిర్చి ట్రైనింగ్ అని ఒకటి. ఇది వీళ్ల పని. దీని పక్కన ఇంకోటి, పగలు ఆగి రాత్రిళ్లు నడిచింది. దీని పేరు చూడండి. ఛాంబర్ నాలుగు. దొంగపేరు. దీనికి రెండో తాళంచెవి కూడా ఎక్కించారు. అంటే అర్ఫా తన తాళంతో పాటు ఇంకెవరికో తాళం ఇచ్చింది. మంగళవారం ఎనిమిది జీపీయూలు రాగానే వాటన్నిటినీ దీనికే తగిలించి పగలూ రాత్రీ నడిపారు. నిన్న సాయంత్రం నేనొచ్చి అన్నీ ఆపించాను, అర్ఫా తాళం కూడా.”

“ఆ పేరు నేను పెట్టలేదు,” అంది అర్ఫా దగ్గుతూ.

“దొంగలెవరూ పెట్టామని చెప్పరు.”

“బాబూ,” అన్నాను, “నువ్వు నోరు పారేసుకోమాక. ఈ పిల్ల మంగళవారం ఎక్కడుంది?”

వీరబాబు కళ్లు మెరిశాయి. “అదే మేడమ్ అసలు పాయింటు. మెట్ల దగ్గర కెమెరా ఉంది. పొద్దున ఎక్కింది, సాయంత్రం దిగింది. మధ్యలో ఒక్కసారి కూడా దిగలేదు. ఆ కాల్ ఈ గదిలోంచే చేసింది. ఒంటరిగా ఉంది. శ్రీరమ్యగారు యార్డులో ఉన్నారు. రెండో ఫోన్ ఎక్కడ దాచిందో పోలీసులు చూసుకుంటారు.”

“ఖచ్చితంగా ఈ గదిలోంచేనా?”

“నా సర్టిఫికెట్లన్నీ పందెం కాస్తా.”

“ఆ మాట గుర్తుపెట్టుకో,” అని లేచాను. ఎందుకన్నానో అప్పటికి నాకే తెలీదు. ఛాంబర్ నాలుగు అనే పేరు మాత్రం మెదడులో ముల్లులా గుచ్చుకుంది. కంప్యూటర్ వాళ్లు యంత్రానికి ఛాంబర్ అని ఎందుకు పేరు పెడతారు? ఛాంబర్ అనే మాట ఇక్కడ కంప్యూటర్లది కాదు, మిరపకాయలు దాచే చలిగదులది.

కిందికి దిగాను. యలమందయ్యగారు లారీ దగ్గర నిలబడి హమాలీల మీద కేకలేస్తున్నాడు. అరవై దాటిన మనిషి, మెడలో కండువా, జేబులో ఫోను. నన్ను చూడగానే గొంతు తగ్గించాడు.

“ఏమ్మా, తేలిందా?”

“తేలుతోంది. మీ స్టోరేజీ ఒకసారి చూపించండి.”

నన్ను విచిత్రంగా చూసి ముందు నడిచాడు. పెద్ద మందపాటి తలుపులు వరసగా ఉన్నాయి. మొదటి తలుపు ముందు ఆగాను. దాని గొళ్లేనికి రెండు తాళాలు వేలాడుతున్నాయి, ఒకటి పాతది నల్లగా, ఇంకోటి కొత్తది.

“ఇదేంటండీ, ఒక తలుపుకి రెండు తాళాలు?”

“ఒకటి నాది. రెండోది సరుకు గలాయనది. ఛాంబర్ మొత్తం తీసుకున్నోళ్లు ఇక్కడ వాళ్ల తాళం వాళ్లేసుకుంటారమ్మాయ్. నేను లేకుండా ఆయన తియ్యలేడు, ఆయన లేకుండా నేను తియ్యలేను. మా నాన్న కాలం నాటి పద్ధతి.”

“లోపల ఏముందో మీకు తెలుసా?”

“టిక్కీలో ఏముందో నేనడగను. సరుకు వాళ్లది, చలి నాది. ఆ మాత్రం మర్యాద లేకపోతే ఎవడొస్తాడు మన దగ్గరికి?”

పక్క తలుపుకీ రెండు తాళాలే. ఆ పక్కదానికీ అంతే. తర్వాత గోడ. నేను గోడ దాకా వెళ్లి వెనక్కి తిరిగాను.

“నాలుగో ఛాంబర్ ఎక్కడండీ?”

ఆయన చెయ్యి కండువా మీదకి వెళ్లింది. ముఖం కడుక్కున్నవాడిలా తుడుచుకున్నాడు. “నాలుగోదా? నా స్టోరేజీకి మూడే ఛాంబర్లమ్మాయ్. ఎవర్నైనా అడుగు.”

“నేను మిమ్మల్నే అడుగుతున్నాను.”

“ఎండలో తిరిగి నీకు కళ్లు తిరుగుతున్నట్టున్నాయి. మజ్జిగ తాగుతావా?”

దొరికాడు అనుకున్నాను. ఏం దొరికిందో మాత్రం సరిగ్గా తెలీదు. ఇంతలో ఒక హమాలీ మా పక్కనే టిక్కీ దించాడు. ఘాటు గుప్పున లేచింది. నాకు పొలమారి కళ్లలో నీళ్లు తిరిగాయి. యలమందయ్యగారు గోడ పట్టుకుని దగ్గుతున్నాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మిరపకాయల్లో బతికిన మనిషి. ఆయన్ని చూస్తుంటే నాకు చప్పున తట్టింది. ఓరి నా తెలివి తెల్లారా, పొద్దున్నించీ ఆ రికార్డింగు అన్నిసార్లు విన్నానే!

“యలమందయ్యగారూ, మంగళవారం కూడా సరుకు ఎత్తారా?”

“పొద్దుగూకేదాకా ఎత్తాం. రెండో ఛాంబర్ సగం ఖాళీ చేశాం. అసలే తేజా కాయ. హమాలీలే తట్టుకోలేక అస్తమానం బయటికి పోయారు.”

“పైకి రండి.”

“ఇప్పుడా? లారీ...”

“లారీ ఎక్కడికీ పోదు. రండి.”

పైకి వెళ్లేసరికి వీరబాబు ఫిర్యాదు కాగితం కవర్లో పెడుతున్నాడు. లోపలికొచ్చిన ఘాటు బయటికి పోకుండా నేను కిటికీ తలుపు మూసి, గది తలుపు కూడా దగ్గరికి వేశాను.

“బాబూ, ఆ మాస్కు తియ్యి.”

“ఎందుకు?”

“తియ్యి, చెబుతాను. ఇందాక సర్టిఫికెట్లన్నీ పందెం కాశావుగా.”

విసుక్కుంటూ తీశాడు. ఫోన్లో అర్ఫా అన్న మాటలు కాగితం మీద రాసుకున్నవి అతని చేతికిచ్చాను. “ఇది గట్టిగా చదువు. రికార్డింగులో ఉన్నంత తీరిగ్గా చదవాలి.”

“ఇదేం పిచ్చి పరీక్ష మేడమ్?”

“పిచ్చిదాన్నే అనుకో. చదువు.”

“సార్, నేను అర్ఫాని. నా ఫోన్లో ఛార్జింగ్ అయిపోయింది, ఫ్రెండ్...” అక్కడితో ఆగిపోయాడు. ఖళ్లు ఖళ్లున దగ్గాడు. సర్దుకుని మళ్లీ మొదలుపెట్టాడు. “ఇప్పుడు మీ మొబైల్‌కి...” ఈసారి తుమ్ములు కూడా తోడయ్యాయి. మాస్కు కోసం తడుముకున్నాడు.

“ఆ కాల్లో యలమందయ్యగారు రెండుసార్లు దగ్గారు,” అన్నాను. “ఈ ఘాటులో పుట్టి పెరిగినాయన. మరి పొద్దున్నించీ నాతో ఒక్క మాట కూడా దగ్గకుండా మాట్లాడలేకపోయిన ఈ చీరాల పిల్ల, అదే రోజు, ఇదే గదిలో, తేజా కాయలు ఎత్తుతుంటే, రేడియోలో వార్తలు చదివినంత తేటగా ఎట్లా మాట్లాడింది?”

అర్ఫా తలెత్తింది.

“మాస్కు పెట్టుకుని ఉండొచ్చు,” అన్నాడు వీరబాబు.

“మాస్కు పెట్టుకున్నవాళ్ల మాట ఎట్లా వినపడుతుందో నీ దగ్గర పొద్దున్నించీ వింటున్నానయ్యా. నిన్ను ఎన్నిసార్లు ‘ఏంటి’ అని అడిగాను? ఆ గొంతు ఎంత స్పష్టంగా ఉందో నువ్వే విను.”

“అయితే బయటికెళ్లి చేసింది.”

“మెట్లు దిగలేదన్నావు. కెమెరా నీది, మాట నీది.”

అతని ముఖం మిర్చి రంగుకి తిరిగింది. “మేడమ్, మీరు దగ్గులు లెక్కపెట్టి కేసులు తేలుస్తారా? కోర్టులో నవ్వుతారు. గొంతు ఆమెది కాకపోతే ఇంకెవరిది? దయ్యానిదా?”

గొంతు అర్ఫాదే, మాట్లాడింది మాత్రం అర్ఫా కాదు. ఇదేం చోద్యం? నాకే ఒళ్లు మండిపోయింది. తెలిసిన దారి ఒక్కటే ఉంది, అందులోనే పడ్డాను.

“యలమందయ్యగారూ, మీ నాలుగో ఛాంబర్ ఎవరికి అద్దెకిచ్చారు?”

ఆయన కూతురి వైపు చూశాడు. శ్రీరమ్యకి ఏమీ అర్థంకాలేదు. ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

“తప్పేం చేశానమ్మాయ్ నేను? మీరిద్దరే అన్నారు. ఆ యంత్రం పగలు తప్ప రాత్రంతా ఖాళీగా ఉంటుందన్నారు. ఉన్న క్రెడిట్లు గడువులోపు వాడకపోతే మురిగిపోతాయన్నారు. అన్నారా లేదా?”

“అన్నాం. అయితే?” అంది శ్రీరమ్య.

“ఖాళీగా ఉన్న ఛాంబర్‌ని ఖాళీగా వదిలెయ్యడం నా ఒంటికి పడదు తల్లీ. సీజన్లో రెండు వరసలు ఖాళీ ఉన్నా ఇంకొకరికి ఇచ్చేస్తా. ఒకాయన వచ్చాడు. పెద్దమనిషిలా ఉన్నాడు. సినిమాలకి డబ్బింగ్ పని చేస్తాడంట, రాత్రిళ్లు యంత్రం కావాలన్నాడు. మీ దగ్గర జీపీయూ ఉందని విన్నానన్నాడు. నా స్టోరేజీలో నాలుగో ఛాంబర్ అనుకో, నీ తాళం నువ్వేసుకో అన్నాను. ఫోన్ అడిగాడు, ఇచ్చాను. ఏవో నొక్కుకున్నాడు.”

“ఫోన్ చేతికిచ్చారా!” శ్రీరమ్య నెత్తిమీద చెయ్యి పెట్టుకుంది. “నాన్నా, అది మన గది కాదు. మనమే అద్దెకి తెచ్చుకున్నాం. దాన్ని మళ్లీ అద్దెకిస్తారా ఎవరైనా?”

“ఎందుకివ్వరు? యార్డులో సగం షాపులు అట్టాగే నడుస్తున్నాయి!”

“మరి ఈ పిల్ల మీద నింద పడుతుంటే నోరు మూసుకున్నారేం?” అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినపడింది.

“అమ్మాయ్, ఒట్టు. ఆయన సంగతి వేరు, ఈ ఎనిమిది సంగతి వేరు అనుకున్నాను. ఆ డబ్బింగాయన ముందు అడిగాడు, ఇంకో ఎనిమిది ఇప్పించండని. అర్ఫా చెబితేగానీ నేను నొక్కనన్నాను. రెండ్రోజులకి అర్ఫానే ఫోన్ చేసింది. సరే, కంపెనీ పనే కదా అని నొక్కాను.” మాట తడబడింది. అర్ఫా వైపు తిరిగాడు. “నువ్వు కాదా తల్లీ అది? నీ గొంతేగా?”

అర్ఫా లేచి నిలబడింది.

“డబ్బింగ్ అన్నాడా సార్? గొంతులతో పనా?”

“గొంతులు మారుస్తారంటగా అందులో.”

“మేడమ్,” అంది నాతో, దగ్గు ఆపుకుంటూ, “రైతులకి ఫొటో ఎలా తియ్యాలో చెప్పే పాఠాలు నేనే చదివి రికార్డు చేశాను. చీరాలలో మా ఇంట్లో కూర్చుని చేశాను. గంటలకొద్దీ ఉన్నాయి. అన్నీ ఈ అకౌంటులోనే పెట్టాను. తాళం ఉన్నవాళ్లు ఎవరైనా తీసుకోవచ్చు. ఆ జీపీయూకి నా గొంతు నేర్పితే, అది ఏ మాటైనా నాలాగే మాట్లాడుతుంది. అక్కడ దగ్గు ఎందుకుంటుంది?”

ఇప్పుడు అర్థమైంది నాకు. అర్థమైన కొద్దీ భయం కూడా వేసింది. అద్దెకొచ్చినవాడు ముందు చేరిన యంత్రంతోనే ఈ పిల్ల గొంతు తయారుచేసి, ఆ గొంతుతోనే యజమానిని బురిడీ కొట్టించి మిగతావి తెచ్చుకున్నాడు.

వీరబాబు మాస్కు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. దగ్గడం కూడా మర్చిపోయాడు. “ఆ యంత్రం ఆపేశాను గానీ డిస్కు అలాగే ఉంది,” అన్నాడు మెల్లిగా. “తెరిచి చూడలేదు.”

“చూడకుండానే దొంగని తేల్చేశావా? సంతోషం. శ్రీరమ్యా, ఆ పిల్లకి తాళం ఇవ్వు.”

శ్రీరమ్య తన కుర్చీ లాగి అర్ఫాని కూర్చోబెట్టింది. కవర్లో ఉన్న ఫిర్యాదు తీసి నాలుగు ముక్కలు చేసింది. “అర్ఫా, నన్ను క్షమించు,” అంది. అర్ఫా వినలేదు. ఆమె వేళ్లు కీబోర్డు మీద పరిగెడుతున్నాయి. కాసేపటికి తెర మీద వరసగా, తయారుచేసిన గొంతుల పేర్లు వచ్చాయి. యలమందయ్య అని ఒకటి. శ్రీరమ్య అని ఒకటి. మన జిల్లా వాళ్లవే ఇంకా చాలా పేర్లు, కొందరు నాకు తెలిసిన వ్యాపారులు. తన పేరు మీద అర్ఫా వేలు ఆగింది. దాని కింద చివరగా, నిన్న మధ్యాహ్నం చేసిన శబ్దాలు వరసగా ఉన్నాయి. వాటిలో మొదటిది నొక్కింది.

“అమ్మా, నేను. భయపడమాకు, నాకేం కాలేదు. ఆఫీసులో చిన్న గొడవైంది. పొద్దున్నే బయల్దేరు. ఎవరికీ ఫోన్ చెయ్యొద్దు, నీ ఫోన్ కూడా ఆపేసెయ్.”

తేటగా, ప్రేమగా ఉంది ఆ గొంతు. అంతకంటే భయంకరమైన మాట నేను నా సర్వీసులో వినలేదు. తల్లిని పట్టుకుంటే కూతురి నోరు కట్టెయ్యొచ్చని వాడి లెక్క కాబోలు.

అర్ఫా అప్పటికే తల్లి మస్తాన్‌బీకి ఫోన్ చేస్తోంది. మస్తాన్‌బీ ఫోన్ స్విచ్ఛాఫ్. మళ్లీ చేసింది, మళ్లీ అంతే. ఫోన్ నేను తీసుకున్నాను. “పక్కింటివాళ్లెవరైనా ఉన్నారా?” అన్నాను. “జుబేదా పిన్ని,” అంది. ఆ నంబరు నేనే నొక్కి స్పీకర్ పెట్టాను.

“ఏందే అర్ఫా, చేరిందా?” అంది జుబేదా, ఎత్తీ ఎత్తగానే.

“పిన్నీ, అమ్మ ఎక్కడుంది?”

“అదేం ప్రశ్నే? నిన్న ఫోన్ చేసి సింగరాయకొండకి రమ్మంది నువ్వేగా? స్టేషన్ బయట కారు పెట్టి ఎదురుచూస్తానన్నావంట. ఏడ్చుకుంటా పోయింది పిచ్చిది. పొద్దున నేనే దగ్గరుండి రైలెక్కించా. ఎప్పుడో దిగి ఉంటది.”

ఫోన్ నా చేతిలోనే వదిలేసి అర్ఫా తలుపు వైపు పరిగెత్తింది. నేను యలమందయ్యగారి వైపు చూశాను, కారు తాళాల కోసం. ఆయన ముందే లేచి జేబులు తడుముకుంటున్నాడు, వీరబాబు పోలీసుల నంబరు నొక్కుతున్నాడు. ఫోన్లో జుబేదా గొంతు ఒక్కసారిగా మారింది.

“మాట్లాడవేందే? అర్ఫా... నువ్వు అమ్మ దగ్గర లేవా?”